సివిల్స్ ఇంటర్వ్యూ: ఆ అరగంటలో బోర్డు ఏం చూస్తుంది? దానికి ఎలా సిద్ధం కావాలి?

2023 సివిల్ సర్వీసెస్ పరీక్షకు 10,16,850 మంది దరఖాస్తు చేసుకున్నారు. వారిలో ప్రిలిమ్స్ రాసింది 5,92,141 మంది. మెయిన్స్‌కు 14,624 మంది, ఇంటర్వ్యూకు 2,855 మంది అర్హత సాధించారు. చివరి జాబితాలో మిగిలింది 1,016 మంది.

అంటే ఇంటర్వ్యూ గది దాకా వెళ్లిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వచ్చే ఏడాదికి ఆ మెయిన్స్ మార్కులు పనికిరావు. ఇంటర్వ్యూ దాకా వెళ్లినందుకు మినహాయింపేమీ ఉండదు. మళ్లీ ప్రిలిమ్స్ నుంచే మొదలుపెట్టాలి. జనరల్ కేటగిరీ అభ్యర్థికి ఉండేది ఆరు ప్రయత్నాలు, వయసు పరిమితి 32 ఏళ్లు. మూడు నాలుగేళ్ల చదువు తర్వాత వచ్చే ఆ అరగంట మీద అంత ఒత్తిడి ఉండటానికి కారణం ఇదే.

యూపీఎస్సీ దీన్ని అధికారికంగా ఇంటర్వ్యూ అని మాత్రమే కాకుండా 'వ్యక్తిత్వ పరీక్ష' అని కూడా అంటుంది. ఎక్కువ మంది అభ్యర్థులు మాత్రం మరో జనరల్ స్టడీస్ పేపర్‌కు సిద్ధమైనట్టే దీనికీ సిద్ధమవుతారు. పొరపాటు మొదలయ్యేది అక్కడే.

275 మార్కుల లెక్క

మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కలోకి వచ్చే మార్కులు 1,750. ఇంటర్వ్యూకు 275. మొత్తం 2,025. శాతంలో చెప్పాలంటే ఇంటర్వ్యూ వాటా 13.6. ఇందులో ఇన్ని మార్కులు వస్తేనే పాస్ అనే కనీస గీత ఏదీ లేదు.

ఈ లెక్కను కటాఫ్‌ల పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2023లో జనరల్ కేటగిరీకి మెయిన్స్ కటాఫ్ 741, తుది కటాఫ్ 953. రెండింటి మధ్య తేడా 212. అంతకు ముందు ఏడాది ఆ అంకెలు 748, 960. అప్పుడూ తేడా 212 మార్కులే.

మెయిన్స్ గీతను అంచున దాటిన అభ్యర్థికి ఇంటర్వ్యూలో 212 వస్తే తప్ప ఉద్యోగం లేదన్నమాట. అది ఎంత కష్టమో తెలియాలంటే మొదటి ర్యాంకర్ల మార్కులు చూడాలి. 2015లో టీనా డాబీకి 195. 2017లో జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్‌కు 176. 2022లో ఇషితా కిశోర్‌కు 193, 2023లో ఆదిత్య శ్రీవాస్తవకు 200. దేశంలోనే మొదటి స్థానంలో నిలిచిన ఈ నలుగురిలో ఒక్కరూ 212 అందుకోలేదు. 2014 పరీక్షలో కోల్‌కతాకు చెందిన జైనబ్ సయీద్‌కు 220 వచ్చినప్పుడు ఆమె ర్యాంకు 107 అయినా ఆ మార్కులే వార్త అయ్యాయి.

అనుదీప్ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి. ఆయనకు రాత పరీక్షలో 950 వచ్చాయి. 176తో కలిపి 1,126. ఇంటర్వ్యూలో ఆయనకన్నా ఎక్కువ తెచ్చుకున్నవారు ఉన్నా ఆ ఏడాది ఆయన్ను దాటలేకపోయారు. 'ఇంటర్వ్యూ ఇరగదీస్తే చాలు' అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, అందులో సగమే నిజం.

మిగతా సగం మధ్యలో ఉన్నవారిది. రాత పరీక్షలో 800 దాటినవారికి 2023 లెక్క ప్రకారం 153 వస్తే చాలు. 770 వచ్చినవారికి 183 కావాలి. ఎక్కువ మంది జాతకం తేలేది ఈ మధ్య మెట్టు మీదే. పైగా ఆ ఏడాది మొదటి ర్యాంకుకు 1,099, జనరల్‌లో చివరి ఎంపికకు 953. ఈ 146 మార్కుల ఇరుకులోనే వందల ర్యాంకులు సర్దుకుని ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఇరవై మార్కులు అటూ ఇటూ అయితే ఐఏఎస్ కాస్తా మరో సర్వీసు అయిపోవచ్చు, లేదా జాబితాలో పేరే లేకపోవచ్చు.

బోర్డు చేతిలో ఉండేది ఒకే కాగితం

దిల్లీలో షాజహాన్ రోడ్డులోని ఢోల్‌పుర్ హౌస్ యూపీఎస్సీ కార్యాలయం. ఇంటర్వ్యూలు జరిగేది అక్కడే. కమిషన్ సభ్యుల్లో ఒకరు బోర్డుకు అధ్యక్షత వహిస్తారు. ఆయనతో లేదా ఆమెతో పాటు సాధారణంగా మరో నలుగురు ఉంటారు. విశ్రాంత అధికారులు, ప్రొఫెసర్లు, వేర్వేరు రంగాల నిపుణులు ఇందులో కనిపిస్తారు. ఏ అభ్యర్థి ఏ బోర్డు ముందుకు వెళ్తారన్నది ఆ రోజే తేలుతుంది. రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో బోర్డుకు తెలియదు.

వారికి తెలిసేది అభ్యర్థి నింపిన వివరాల పత్రం మాత్రమే. దీన్నే అభ్యర్థులు 'డాఫ్' అంటుంటారు. డీటెయిల్డ్ అప్లికేషన్ ఫామ్‌కు అది పొట్టి పేరు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వివరాలు, చదువు, చేసిన ఉద్యోగాలు, మెయిన్స్‌లో ఆప్షనల్, అభిరుచులు, బహుమతులు, ఏ సర్వీసు కావాలో, ఏ రాష్ట్రంలో పనిచేయాలనుకుంటున్నారో అన్నీ అందులో ఉంటాయి.

ఏం చూస్తారో కూడా రహస్యం కాదు. నోటిఫికేషన్‌లోనే ఉంది. మానసిక చురుకుదనం, విషయాన్ని పట్టుకునే శక్తి, స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, సమతూకంతో తీర్పు ఇవ్వగలగడం, ఆసక్తుల్లో వైవిధ్యం, లోతు, నాయకత్వం, నలుగురినీ కలుపుకునిపోయే గుణం, నిజాయితీ. ఇది అడ్డప్రశ్నలతో నిలదీసే వ్యవహారం కాదనీ, ఒక ఉద్దేశంతో సహజంగా సాగే సంభాషణ అనీ అందులోనే రాశారు. పరిజ్ఞానాన్ని రాత పరీక్షలోనే కొలిచాం కాబట్టి ఇక్కడ మళ్లీ కొలవబోమనీ చెప్పారు. చాలామంది ఆ పత్రంలో సిలబస్ దగ్గరే ఆగిపోతారు. అందులోనే ఉన్న ఈ పేరాలు ఇంటర్వ్యూకు సంబంధించి ఏ గైడు కన్నా ఎక్కువ చెబుతాయి.

పరిజ్ఞానం అక్కర్లేదని దీనర్థం కాదు. ఏ పరిజ్ఞానం అన్నదే ప్రశ్న. ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఓ అభ్యర్థి పత్రంలో సొంత జిల్లా నల్గొండ, చదువు బీటెక్, హైదరాబాద్‌లో రెండేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అభిరుచి వంట అని ఉందనుకుందాం. నల్గొండ అనగానే ఫ్లోరైడ్ ప్రశ్న వస్తుందని ఎవరైనా ఊహిస్తారు. ఫ్లోరోసిస్ లక్షణాలు, తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న పరిమితి, మిషన్ భగీరథ గురించి నాలుగు మాటలు చాలామంది చదువుకునే వెళ్తారు. ఇది మొదటి పొర.

బోర్డు సభ్యుడు రెండో పొరలోకి వెళ్తే? 'మీ జిల్లా పేరుతో ఒక టెక్నిక్ ఉంది కదా, ఏమిటది?' అని అడగొచ్చు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి అది. నాగ్‌పుర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచవ్యాప్తంగా తాగునీటి ఇంజినీర్లకు 'నల్గొండ టెక్నిక్'గానే తెలుసు. నల్గొండ నుంచి వచ్చిన బీటెక్ పట్టభద్రుడికి అది తెలియకపోతే పోయేది ఒక జవాబు కాదు. సొంత ఊరి మీద ఆసక్తి ఎంత లోతుగా ఉందో బోర్డుకు తెలిసిపోతుంది.

మూడో పొర ఇంకా ముఖ్యం. 'అంత చవకైన పద్ధతి ఉంటే సమస్య దశాబ్దాలు ఎందుకు సాగింది?' దీనికి జవాబు ఏ గైడులోనూ ఒక్క వాక్యంలో దొరకదు. రోజూ సరైన మోతాదులో మందు కలిపేవారు కావాలి, అడుగున మిగిలే బురదను ఎక్కడో పారబోయాలి, నీటిలో అల్యూమినియం మిగలకుండా చూసుకోవాలి, ఊరి స్థాయిలో ఆ నిర్వహణ నిలబడాలి. అందుకే చివరికి బోరు నీటిని శుద్ధి చేయడం కన్నా నది నీటిని ఇంటికి తేవడం వైపు ప్రభుత్వాలు మొగ్గాయి. ఇలా ఆలోచించగలిగినవారిని 'మీరే కలెక్టర్ అయితే?' అని అడిగినా తడబడరు. ఎందుకంటే ఆ ప్రశ్నలో సగానికి వారు అప్పటికే జవాబు చెప్పేశారు.

ఇదే పద్ధతి ప్రతి జిల్లాకూ వర్తిస్తుంది. శ్రీకాకుళం అంటే ఉద్దానం కిడ్నీ వ్యాధులు, అనంతపురం అంటే వేరుశనగ, వాన లోటు, గుంటూరు అంటే మిర్చి యార్డు, నిజామాబాద్ అంటే పసుపు. ఈ జంటలు అందరికీ తెలిసినవే. అభ్యర్థి వెతుక్కోవాల్సింది ఆ జంటల వెనక ఉన్న 'ఎందుకు'ను. దానికి మార్గం కూడా ఖరీదైనదేమీ కాదు. ఒక వారం సొంతూళ్లో ఉండి, మండల వ్యవసాయాధికారితో, ఆశా కార్యకర్తతో, రేషన్ డీలర్‌తో మాట్లాడినవారికి దిల్లీలో నెల రోజుల నోట్సు ఇవ్వలేనిది దొరుకుతుంది.

ఉద్యోగం ఎందుకు మానేశారు?

సాఫ్ట్‌వేర్, బ్యాంకు, ప్రైవేటు ఉద్యోగాలు వదిలి వచ్చినవారికి ఈ ప్రశ్న దాదాపు తప్పదు. 'దేశానికి సేవ చేయాలని' అన్నది దీనికి ఎక్కువగా వినిపించే జవాబు, బహుశా బలహీనమైన జవాబు కూడా. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: మరి పన్ను కడుతూ ఉద్యోగం చేసేవారు దేశానికి సేవ చేయట్లేదా?

నిజమైన చిన్న కారణం ముందు అబద్ధపు పెద్ద కారణం నిలబడదు. ఇంట్లో ఒకరికి పింఛను రావడానికి ఏడాది పట్టిందనో, కళాశాలలో స్వచ్ఛందంగా చేసిన పని నచ్చిందనో, అధికార హోదా, ఉద్యోగ భద్రత కూడా కారణాల్లో భాగమేననో చెప్పడం తప్పు కాదు. చివరిది చెప్పడానికి చాలామంది జంకుతారు. కానీ ఆ గదిలో ఉన్నవారిలో కొందరు అదే ఉద్యోగంలో జీవితమంతా గడిపినవారు. దాని ఆకర్షణ ఏమిటో వారికి తెలియనిదేమీ కాదు.

చదువు అయ్యాక ఖాళీగా కనిపించే ఏళ్ల విషయమూ అంతే. 'నాలుగేళ్లుగా సివిల్స్‌కే చదువుతున్నాను, మధ్యలో రెండుసార్లు ప్రిలిమ్స్ పోయింది' అని నేరుగా చెబితే సంభాషణ ముందుకు వెళ్తుంది. లేని ఉద్యోగాన్నో, పేరుకే ఉన్న స్వచ్ఛంద సేవనో అడ్డం పెట్టుకుంటే తర్వాతి ఐదు నిమిషాలు దాన్ని కాపాడుకోవడానికే సరిపోతాయి.

అభిరుచుల గడిలో నింపేది కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. వంట అని రాసినవారిని పులిహోరలో చింతపండు పులుపుకూ నిమ్మకాయ పులుపుకూ తేడా అడగొచ్చు, జొన్నరొట్టె కొన్ని జిల్లాల్లోనే ఎందుకు ప్రధాన ఆహారమైందనీ అడగొచ్చు. రెండోది వంట ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నేల, వాన, సాగునీటి ప్రశ్న. పుస్తకాలు చదవడం అని రాసి చివరిగా చదివిన నవల పేరు చెప్పలేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయడమే నయం.

కృష్ణా జలాలపై మీరు ఎటువైపు?

తెలుగు రాష్ట్రాల అభ్యర్థులు ఊహించదగిన కష్టమైన ప్రశ్న ఇది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారిని తెలంగాణ వాదనలో న్యాయం లేదా అని అడగొచ్చు, తెలంగాణ వారిని అందుకు విరుద్ధంగానూ అడగొచ్చు. సమతూకం అనే గుణాన్ని కొలవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, సొంత రాష్ట్రానికి ప్లీడరులా వాదించడం. రెండోది, 'ఇరు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకోవాలి' అని తప్పించుకోవడం. మొదటిది పక్షపాతంలా, రెండోది ఏమీ తెలియనట్టు కనిపిస్తాయి.

తెలిసి మాట్లాడేవారు ముందు నేలను సిద్ధం చేస్తారు. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. విభజన తర్వాత 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనే ఏర్పాటు కుదిరింది. 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కు రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని కొత్త విధివిధానాలు ఇచ్చింది. నది పరీవాహక ప్రాంతం ఎక్కువగా తమ వైపే ఉందన్నది తెలంగాణ వాదన. దశాబ్దాలుగా పారుతున్న ఆయకట్టును, పాత కేటాయింపులను కదిలించకూడదన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. ఇంతవరకు చెప్పి, 'రెండింటిలో నాకు ఇది ఎక్కువ సబబుగా అనిపిస్తుంది, ఫలానా కారణంతో. ట్రైబ్యునల్ ఏది తేల్చినా అధికారిగా అమలు చేస్తాను' అంటే అది జవాబు అవుతుంది. అభిప్రాయం ఉండటం తప్పు కాదు. ఎదుటివారి వాదనను వారికన్నా చక్కగా చెప్పలేకపోవడమే తప్పు.

పరిస్థితి ఇచ్చి ఏం చేస్తారని అడిగే ప్రశ్నలూ ఇదే కోవలోవి. రేపు ఉదయం బాల్య వివాహం జరగబోతోందని రాత్రి ఫోన్ వచ్చింది, ఊరి పెద్దలంతా ఆ పెళ్లి వైపే ఉన్నారు, సబ్ కలెక్టర్‌గా మీరేం చేస్తారు? తెలుగు సినిమా కలెక్టర్ అయితే పెళ్లి పందిట్లోకి జీపు దిగుతాడు. ఇంటర్వ్యూలోనూ ఆ జీపు తరచూ దిగుతుంటుంది. నిజానికి ఆ స్థానంలో ఉన్న అధికారి ముందు అమ్మాయి వయసు నిర్ధారించుకుంటారు. 2006 నాటి చట్టం కింద ఉన్న బాల్య వివాహ నిషేధ అధికారిని, పోలీసును, అంగన్‌వాడీ కార్యకర్తను కదుపుతారు. మేజిస్ట్రేటు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చే వీలుందేమో చూస్తారు. ఆ తర్వాత అమ్మాయి చదువు ఆగకుండా ఏం చేయాలో ఆలోచిస్తారు. 'అందరినీ సస్పెండ్ చేస్తాను' అనే జవాబులో ధైర్యం ఉన్నా ఆలోచన లేదు.

తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

మెయిన్స్‌ను తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూను తెలుగులో గానీ, ఇంగ్లిష్ లేదా హిందీలో గానీ ఇవ్వొచ్చు. మెయిన్స్‌ను ఇంగ్లిష్‌లో రాసినవారికి కూడా దారి మూసుకుపోలేదు. తప్పనిసరి భారతీయ భాష పేపర్‌గా తెలుగు తీసుకుని ఉంటే ఇంటర్వ్యూకు తెలుగును ఎంచుకోవచ్చు. ఈ రెండో సౌకర్యం గురించి తెలియనివారు ఇప్పటికీ చాలామందే ఉన్నారు.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో తెలుగు మాధ్యమంలో జాతీయస్థాయి మూడో ర్యాంకు సాధించాక, తెలుగులో వెళ్తే మార్కులు తగ్గుతాయన్న భయం కొంత తగ్గింది. కానీ ఎంపిక గౌరవానికి సంబంధించినదిగా కాకుండా, అవసరానికి సంబంధించినదిగా చూడటం మంచిది. ఆలోచన ఏ భాషలో ఆగకుండా సాగుతుందో అదే సరైన భాష. కాస్త యాసతో, చిన్న చిన్న వ్యాకరణ దోషాలతో ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడగలిగేవారు అనువాదకుడి మీద ఆధారపడాల్సిన పని లేదు. ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటూ విషయాన్ని వదిలేసేవారు మొహమాటపడి ఇంగ్లిష్ ఎంచుకోవాల్సిన పనీ లేదు.

తెలుగును ఎంచుకుంటే మాత్రం ప్రత్యేక సాధన కావాలి. బోర్డుకూ అభ్యర్థికీ మధ్య అనువాదకుడు ఉంటారు. ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది కాబట్టి చెప్పడానికి దొరికే సమయం తగ్గుతుంది. ఇంకో చిక్కు భాషలోనే ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అవుననో, కాదనో తేలేది కూడా చివర్లోనే. 'ప్రభుత్వం ఈ పథకాన్ని అన్ని జిల్లాల్లో ఒకేసారి అమలు చేయడం వల్ల మేలు జరిగిందని చెప్పడానికి ఆధారాలు...' అంటూ సాగే వాక్యంలో ఉన్నాయో లేవో చివరి మాట దాకా అనువాదకుడికీ తెలియదు. అంతవరకు ఆయన మోయాల్సిన బరువు పెరిగేకొద్దీ అనువాదంలో ఏదో ఒకటి జారిపోతుంది.

అందుకే పొట్టి వాక్యాలు. అభిప్రాయం ముందు, కారణం తర్వాత. సామెతలు వీలైనంత తక్కువ. 'కరవులో అధిక మాసం' అన్న మాట తెలుగువారి మధ్య ఎంత పదునుగా ఉన్నా, దాన్ని విడమరిచి చెప్పేసరికి అనువాదకుడి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. సాంకేతిక పదాలకు గ్రాంథిక అనువాదాలు వెతకాల్సిన పనీ లేదు. ద్రవ్యోల్బణం అన్నా ఇన్‌ఫ్లేషన్ అన్నా ఫర్వాలేదు. ఇక చూపు. ప్రశ్న అడిగిన సభ్యుడి వైపు చూస్తూ మాట్లాడాలి, అనువాదకుడి వైపు కాదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మన భాష తెలిసిన మనిషి వైపు కళ్లు వాటంతట అవే తిరుగుతాయి. ఇద్దరు మిత్రులను కూర్చోబెట్టుకుని, ఒకరు ఇంగ్లిష్‌లో అడుగుతూ మరొకరు అనువదిస్తూ పదిసార్లు సాధన చేస్తే తప్ప ఇది అలవాటు కాదు.

మాక్ ఇంటర్వ్యూలు ఎన్ని?

మెయిన్స్ ఫలితాలు రాగానే హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనూ, దిల్లీ రాజేంద్రనగర్‌లోనూ మాక్ ఇంటర్వ్యూల సందడి మొదలవుతుంది. చాలా సంస్థలు వీటిని ఉచితంగానే నిర్వహిస్తాయి. ఆ ఉదారతకు ఒక కారణం ఉంది. ఒక్క మాక్‌కు హాజరైన అభ్యర్థికి ర్యాంకు వచ్చినా సంస్థ ప్రకటనలో ఫొటో వేసుకోవచ్చు. ఇలాంటి ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ పలు కోచింగ్ సంస్థలకు జరిమానాలు కూడా విధించింది. ర్యాంకర్లలో చాలామంది తీసుకున్నది ఇంటర్వ్యూ మార్గదర్శనం మాత్రమేనని, ఆ సంగతి ప్రకటనల్లో దాచారని తేల్చింది.

అలాగని మాక్‌లు పనికిరావని కాదు. ఐదుగురు అపరిచితుల ముందు కూర్చోవడం, గొంతు వణకడం, కాళ్లు ఊపడం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టడం లాంటివి ఒకటి రెండు మాక్‌లలోనే బయటపడతాయి. వాటి వీడియో చూసుకోవడం బాధాకరమే గానీ అంతకు మించిన గురువు లేరు. మూడు నాలుగు దాటాక మాత్రం లాభం తగ్గి నష్టం మొదలవుతుంది. ఒక బోర్డు 'కాస్త గట్టిగా మాట్లాడు' అంటుంది, మరో బోర్డు 'దూకుడు తగ్గించు' అంటుంది. ఆరో మాక్ తర్వాత అభ్యర్థి జవాబుల్లో తన గొంతు వినిపించదు. ఏ జవాబు ఎవరు సరిదిద్దారో అన్న లెక్కే మిగులుతుంది. అసలు బోర్డు సభ్యులు రోజుల తరబడి అభ్యర్థులను వింటుంటారు. బట్టీ కొట్టిన జవాబును మొదటి వాక్యంలోనే పట్టేస్తారు.

'తెలియదు' అన్న మాటను కూడా సాధన చేయాలి. 'సారీ సర్, ఇది నాకు తెలియదు' అని చిన్నగా నవ్వి చెప్పడానికి రెండు సెకన్లు చాలు. ఊహించి చెప్పాలనుకుంటే ఊహేనని ముందే చెప్పి, అనుమతి అడగాలి. తప్పు అంకెను ధీమాగా చెప్పి దొరికిపోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. నోటిఫికేషన్‌లో చెప్పిన గుణాల్లో నిజాయితీ కూడా ఉందన్నది గుర్తుంచుకోవాలి.

దుస్తుల గురించి రాసేవారు ఎక్కువే గానీ చెప్పాల్సింది తక్కువ. శుభ్రంగా, సాదాగా, ముందే ఒకటి రెండుసార్లు వేసుకుని అలవాటైనవి అయితే చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, వాటి నకళ్లు ముందు రోజే సర్దుకోవాలి. మన వైపు నుంచి వెళ్లేవారు జనవరిలో దిల్లీ చలిని, పొగమంచు వల్ల గంటల కొద్దీ ఆలస్యమయ్యే రైళ్లను లెక్కలో పెట్టుకుని రెండు రోజుల ముందే చేరడం మంచిది. ఖర్చు విషయంలో తెలంగాణ అభ్యర్థులకు కొంత ఊరట ఉంది. సింగరేణి సంస్థ 2024లో మొదలుపెట్టిన 'రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం' కింద అర్హులకు రూ. లక్ష సాయం అందుతోంది.

మనుషులు వేసే మార్కులు

ఇంత సిద్ధమైనా, మార్కులు వేసేది మనుషులే. ఒకే అభ్యర్థికి ఒక ఏడాది 140, మరుసటి ఏడాది 180 రావడం అరుదేమీ కాదు. అందుకే ఇంటర్వ్యూ వాటా ఎంత ఉండాలన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1981లో లీలాధర్ కేసులో తీర్పు రాసింది అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. రాత పరీక్ష తెలివిని కొలుస్తుందనీ, ఇంటర్వ్యూ మనిషిని చూస్తుందనీ, రెండూ అవసరమేననీ అన్నారు. అయితే అప్పుడే కళాశాల నుంచి వచ్చిన యువత విషయంలో రాత పరీక్షకే ఎక్కువ ప్రాధాన్యం ఉండాలన్నారు. 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో హరియాణా సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూకు పెట్టిన 22.2 శాతం వాటా మరీ ఎక్కువని కోర్టు తేల్చింది. 12.2 శాతం చాలని చెప్పింది. అప్పట్లో యూపీఎస్సీ వాటా అదే. 2,050 మార్కుల్లో 250. ఇప్పటి 13.6 శాతం దానికి ఇంకా దగ్గర్లోనే ఉంది.

ఆ తర్వాత కొన్నిచోట్ల ఇంటర్వ్యూలనే తీసేశారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు లేవు. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 గ్రూప్-1 నోటిఫికేషన్ ప్రకారం 825 మార్కుల్లో 75 ఇంటర్వ్యూవే. రెండు రాష్ట్రాల పరీక్షలూ రాసే అభ్యర్థి ఒకచోట మాట్లాడటానికి సిద్ధం కావాలి, మరోచోట అక్కర్లేదు. ఇంటర్వ్యూ లేకపోతే పైరవీల అనుమానం తగ్గుతుందన్నది నిజం. మండలానికో, డివిజన్‌కో అధికారిగా వెళ్లబోయే మనిషిని ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించకుండా నియమించడమూ ఆలోచించాల్సిన విషయమే. ఈ రెండింటిలో ఏది మేలన్నది ఇంకా తేలలేదు.

ఎంపిక కానివారి కోసం యూపీఎస్సీ కొత్త ఏర్పాటు ఒకటి చేసింది. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆగిపోయినవారు అంగీకరిస్తే వారి వివరాలు ఇతర సంస్థలకు అందుబాటులో ఉంచుతుంది. ఇప్పుడు దీన్ని 'ప్రతిభా సేతు' అంటున్నారు. వివరాల పత్రం నింపేటప్పుడే దీనికి సమ్మతి ఇవ్వాలా వద్దా అని అడుగుతారు. వద్దనడానికి పెద్దగా కారణం కనిపించదు.

మళ్లీ రాయాలనుకునేవారికి ఉండే సమయం మాత్రం చాలా తక్కువ. 2024 పరీక్ష తుది ఫలితాలు 2025 ఏప్రిల్ 22న వచ్చాయి. ఆ ఏడాది ప్రిలిమ్స్ మే 25న జరిగింది. మధ్యలో ఉన్నవి 33 రోజులు. ఇంటర్వ్యూ ముగించుకుని దిల్లీ నుంచి తిరుగు రైలెక్కిన రోజే, ఫలితం కోసం చూడకుండా ప్రిలిమ్స్ పుస్తకాలు తెరవమని సీనియర్లు చెప్పేది అందుకే.